గులాబీతో ఊదు కలిసే ఊరు

మన తెలుగు ఇళ్ళలో అగరుబత్తి అనీ, ఊదుబత్తి అనీ రెండు మాటలు వాడుకలో ఉన్నాయి. ఇప్పుడు ఆ రెండూ ఒకే వస్తువుకు పేర్లు. కిరాణా కొట్టులో ఏ పేరు చెప్పి అడిగినా అదే పొట్లం చేతికి వస్తుంది. నిజానికి ఈ రెండు మాటలూ ఒకే చెట్టును తలపిస్తాయి. అగరు మన దేశపు పాత మాట. ఊదు అరబీ నుంచి వచ్చింది. ఆ భాషలో దానికి కట్టె అని అర్థం. అస్సాం అడవుల్లో పుట్టిన ఒక కట్టె అరేబియా దాకా వెళ్ళి, అక్కడ మరో పేరు పెట్టుకొని, తిరిగి తెలుగు గడపల్లోకి వచ్చింది. గులాబీ కథ కూడా ఇటువంటిదే. ఫార్సీలో గుల్ అంటే పువ్వు, ఆబ్ అంటే నీరు. పన్నీటికి వాళ్ళు పెట్టిన పేరు మన దగ్గరికి వచ్చేసరికి పువ్వు పేరే అయిపోయింది. గులాబీనీ ఊదునూ కలిపిన నూనెను మనం అత్తరు అంటాం. ఆ మాట కూడా అరబీ 'ఇత్ర్' నుంచి వచ్చినదే.

ముస్లిం కుటుంబాల్లో సువాసనకున్న స్థానం గురించి పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. జుమా రోజున గుస్ల్ చేసి, ఉన్నంతలో శుభ్రమైన బట్టలు ధరించి, ఇంట్లో ఉన్న సుగంధం పూసుకొని మస్జిదుకు వెళ్ళమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. ఎవరైనా సుగంధం ఇస్తే ఆయన (స) కాదనేవారు కారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. మంచి స్నేహితుణ్ణి కస్తూరి అమ్మేవానితో పోల్చిన హదీసును మన పిల్లలు మక్తబులోనే నేర్చుకుంటారు. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ధూపానికి ఏమీ కలపని అగరును, ఒక్కోసారి కర్పూరం జోడించిన అగరును వాడేవారనీ, ప్రవక్త (స) కూడా అలాగే చేసేవారని చెప్పారనీ సహీహ్ ముస్లింలో ఉంది. ఆ చెట్టు అరేబియాలో పెరగదు. మన ఈశాన్యంలోనూ, దానికి ఆవలి తూర్పు దేశాల్లోనూ పెరుగుతుంది. అంటే ఆ కాలానికే సముద్రాలు దాటి ఆ కట్టె మదీనా ఇళ్ళకు చేరిందన్న మాట.

మా ఇంట్లో అమ్మాయి నికాహ్ నిశ్చయమైనప్పుడు అమ్మీ నగల గురించి గానీ, బట్టల గురించి గానీ ఒక్క మాటా అనలేదు. ఒకే ఒక వస్తువు అడిగారు: తియ్యని గులాబీలో ఊదు కలిసిన అత్తరు. తన నికాహ్ నాడు మా నానా అత్తర్‌దానులో పెట్టి, వచ్చిన ప్రతి అతిథి చేతికీ తానే పూసిన పరిమళం అదేనట. "అసలుది దొరికితేనే తీసుకురండి. పేరుకు ఊదు, లోపల మందుల వాసన అయితే వద్దు. పన్నీరు చిలకరిస్తే చాలు" అని షరతు కూడా పెట్టారు. అమ్మీ వయసు ఎనభై దాటింది. ఆ కోరికను తీర్చడం మాకు పెండ్లి పనుల్లో ఒకటిగా కాక, అన్నింటికన్నా ముందు చేయవలసిన పనిగా తోచింది.

మొదట మేము హైదరాబాదు పాతబస్తీకే వెళ్ళాం. చార్మినార్ నుంచి ఉత్తరంగా గుల్జార్ హౌజ్ దాటి పత్తర్‌గట్టి వైపు నడుస్తుంటే అత్తరు దుకాణాలు ఎదురవుతాయి. అద్దాల బీరువాల్లో గాజు బిరడాల సీసాలు వరుసగా ఉంటాయి. దుకాణదారు బిరడా చివరను మన చేతి వెనుక ఒకసారి తాకించి, పేరు చెబుతాడు: హినా, షమామా, మజ్మూఆ, ఖస్, మిట్టీ, గులాబ్, ఊద్. పదో పేరు వచ్చేసరికి రెండు చేతులూ నిండిపోతాయి, ఏది ఏ వాసనో ముక్కుకు తెలియకుండా పోతుంది. ఒక దుకాణంలో ఊదు–గులాబీ అత్తరు పావు తులం కొన్ని వందలకే ఇస్తామన్నారు. ఇంకో దుకాణంలో అదే పేరుతో ఉన్న సీసాకు దానికి పదింతల ధర చెప్పారు. రెండింటి మీదా ఒకే మాట ఉంది: అసలుది. మా మనసు ఏ ఒక్కదాని మీదా నిలవలేదు. ఈ పరిమళం పుట్టేచోటికే వెళ్ళి చూడాలని అప్పుడు నిశ్చయించుకున్నాం.

గులాబీ అత్తరు పుట్టే చోటు కన్నౌజ్. ఉత్తరప్రదేశ్‌లో కాన్పూరుకు వాయవ్యంగా సుమారు 80 కిలోమీటర్ల దూరాన, గంగకు చేరువలో ఉన్న పట్టణం అది. గులాబీ పూసే కాలం అక్కడ ఫిబ్రవరి చివర మొదలై ఏప్రిల్‌తో ముగుస్తుంది. అందుకే మేము మార్చి నెలలో బయలుదేరాం. రైలులో కాన్పూరు చేరి, అక్కడి నుంచి రోడ్డు పట్టాం. దారి పొడవునా సుగంధాల జాడ ఏమీ లేదు. ఆ నేలలో ఎక్కువగా పండేది బంగాళాదుంప. తవ్విన దుంపల రాశులు, వాటిని నిల్వచేసే శీతల గిడ్డంగులు, గోనెసంచులు నింపుకొని నిలబడిన ట్రాక్టర్లే కనిపించాయి. ఊళ్ళోకి వెళ్ళి, బడా బజారు సందుల్లోకి తిరిగిన తరువాత గాలి మారింది. ఒక గుమ్మం దగ్గర వేపుడు మసాలా వాసన, పక్క గుమ్మం దగ్గర గులాబీ, ఇంకో గుమ్మం దగ్గర కాల్చిన మట్టి మీద తొలకరి పడ్డప్పటి వాసన. ఆ మూడోది మిట్టీ అత్తరు. కాల్చిన మట్టి పెంకుల నుంచి అక్కడివారు ఆ వాసనను కూడా దింపుతారు.

ఈ పట్టణం ఏడో శతాబ్దంలో హర్షవర్ధనుని రాజధాని. బాణుడు రాసిన హర్షచరిత్రలో కామరూప రాజు భాస్కరవర్మ హర్షునికి పంపిన కానుకల వర్ణన ఉంది. అగరు బెరడును ఆకులుగా చేసి రాసిన గ్రంథాలు, నల్ల అగరు నూనె ఆ కానుకల్లో ఉన్నాయి. కామరూపమంటే నేటి అస్సాం. అంటే అస్సాం ఊదు కన్నౌజ్ ప్రభువును చేరి పదమూడు వందల ఏళ్ళు దాటింది. ఆ తరువాతి కాలంలో మొగలుల కొలువు సుగంధాలకు పెద్ద ఆశ్రయమైంది. అబుల్ ఫజల్ తన ఐనె అక్బరీలో సుగంధ శాలకు ఒక ప్రత్యేక అధ్యాయమే కేటాయించి, అగరు నుంచి నూనె తీసే పద్ధతిని వివరించాడు. జహంగీరు తన స్వీయచరిత్రలో గులాబీ అత్తరును కనిపెట్టిన గౌరవాన్ని నూర్జహాన్ తల్లి అస్మత్ బేగంకు ఇచ్చాడు. వేడి పన్నీరును పళ్ళేల్లో పోసినప్పుడు పైన తేలిన జిడ్డును ఆమె కొద్దికొద్దిగా సేకరించిందట. ఒక్క చుక్క అరచేతిలో రాస్తే సభ అంతా గులాబీలు విచ్చుకున్నట్టయిందని అతడు మురిసిపోయి, ఆమెకు ముత్యాల హారం బహూకరించాడు. ఇంటి ఆడవారి గమనింపు నుంచి ఒక గొప్ప పరిమళం లోకానికి తెలిసిందన్న ఈ ముచ్చట మన సోదరీమణులకు తప్పక నచ్చుతుంది.

మేము చూసిన అత్తరు బట్టీ ఒక పాత ఇంటి వెనుక దొడ్డిలో ఉంది. లోపల విద్యుత్ యంత్రం ఒక్కటీ లేదు. ఇటుకలూ మట్టీ కలిపి కట్టిన పొయ్యిల వరుస, వాటి మీద రాగి పాత్రలు. ఆ పాత్రను అక్కడ దేగ్ అంటారు. మన వలీమా విందుల్లో బిర్యానీ దేగ్ చూసినవారికి ఈ దేగ్‌ను వర్ణించనక్కరలేదు. పని తీరు కూడా దమ్ బిర్యానీకి దగ్గరిదే. తెల్లవారక ముందే కోసిన పూలు గోనెల్లో వస్తాయి; ఎండ ముదిరితే వాసన ఎగిరిపోతుంది. వాటిని దేగ్‌లో పోసి, పైన నీరు పోస్తారు. పెద్ద దేగ్‌లో 100 కిలోలకు పైగా పూలు పడతాయి. బిర్యానీకి మూత చుట్టూ మనం పిండి పట్టీ పెట్టినట్టుగా, వాళ్ళు బంకమట్టీ దూదీ కలిపి మూత అంచును మూసివేస్తారు. మూతకున్న రంధ్రంలోంచి వెదురు గొట్టం ఒకటి బయలుదేరి, పక్కన నీటి తొట్టిలో మునిగి ఉన్న మరో రాగి పాత్రలోకి దిగుతుంది. గుండ్రని పొట్ట, పొడవాటి మెడ ఉన్న ఆ పాత్ర పేరు భాప్‌కా. అందులో ముందుగానే చందన తైలం పోసి ఉంచుతారు. పూల ఆవిరి గొట్టం గుండా వచ్చి, చల్లబడి నీరై, తన వాసనను చందన తైలానికి అప్పగిస్తుంది.

ఈ పనిలో ఉష్ణమాపకం లేదు, గడియారం లేదు. బట్టీ దగ్గర కూర్చున్న పనివాడు మంటను కట్టెలతో పెంచుతాడు, నీళ్ళలో తడిపిన గుడ్డతో దేగ్‌ను తుడిచి వేడిని తగ్గిస్తాడు. తొట్టిలో చేయి పెట్టి భాప్‌కా పొట్టను తడుముతాడు. ఎంతవరకు వెచ్చబడిందో దాన్ని బట్టి లోపల ఎంత నిండిందో తెలుసుకుంటాడు. ఒక దఫా పూర్తి కావడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. రాత్రంతా చల్లారనిచ్చి, మరునాడు అడుగున చేరిన నీటిని తీసి మళ్ళీ దేగ్‌లోనే పోస్తారు. చందన తైలం మాత్రం భాప్‌కాలోనే ఉంటుంది. కొత్త పూలు, పాత తైలం. ఇలా రోజుల తరబడి సాగించి, తైలం ఇక వాసన తాగలేదన్నప్పుడు ఆపుతారు. తరువాత తోలుతో చేసిన కుప్పీల్లో పోసి ఉంచుతారు. తోలు తేమను బయటకు పీల్చి వదిలేస్తుంది, అత్తరు లోపల మిగులుతుంది.

ఆ పనివాని చేతులు మేము చాలాసేపు చూశాం. వేళ్ళ చివర్లు తడికీ వేడికీ గట్టిపడి ఉన్నాయి. ఈ విద్యను ఆయన తన తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. కొడుకు మాత్రం కాన్పూరులో ఫోన్ల దుకాణంలో పనిచేస్తున్నాడు. "పొగలో కూర్చోవడం వాడికి ఇష్టం లేదు. నాకూ వాణ్ణి కూర్చోబెట్టడం ఇష్టం లేదు" అని ఆయన మామూలుగా అన్నాడు. ఫిర్యాదు లేదు, దిగులు చూపలేదు. కన్నౌజ్ అత్తరుకు 2014లో భౌగోళిక గుర్తింపు లభించింది. సుగంధాల అభివృద్ధికి కేంద్ర ప్రభుత్వం 1991లో ఇక్కడ ఒక సంస్థను కూడా నెలకొల్పింది. అయినా భాప్‌కాను తడిమి చెప్పే చేయి ఇంకొకటి తయారు కావాలంటే ఒక మనిషి ఏళ్ళ తరబడి ఆ పొగలో కూర్చోక తప్పదు.

గులాబీ ఇంత ప్రియం ఎందుకో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. ఏమీ కలపని గులాబీ నూనె ఒక కిలో రావాలంటే సుమారు మూడు నుంచి నాలుగు టన్నుల పూలు కావాలి. ఆ పూలన్నీ తెల్లవారుజామున మనుషుల చేతులే కోయాలి. కన్నౌజ్‌కు పూలు చుట్టుపక్కల పొలాల నుంచే కాక అలీగఢ్, హాథ్‌రస్ ప్రాంతాల తోటల నుంచి కూడా వస్తాయి. దాని మీద చందనం ఖర్చు. ఒకప్పుడు ప్రతి అత్తరుకూ చందన తైలమే ఆధారం. చందనపు చెట్లు తగ్గి, ధర అందనంత పెరిగిన తరువాత చాలా బట్టీలు భాప్‌కాలో చందనానికి బదులు వాసన లేని పారఫిన్ నూనె పోయడం మొదలుపెట్టాయి. పూల వాసన దానిలోకీ ఎక్కుతుంది. కానీ చందనం ఇచ్చే ఒరవడి, నిలుకడ దానికి రావు.

ఇక ఊదు సంగతి. అస్సాంలోని హోజాయి ఈ వ్యాపారానికి కేంద్రం. అక్కడి నుంచి బయలుదేరిన హాజీ అజ్మల్ అలీ 1950వ దశకంలో ముంబయిలో పెట్టిన చిన్న వ్యాపారమే తరువాత గల్ఫ్ దేశాలకు విస్తరించింది. ఆ ప్రాంతాల్లో ఇంటి పెరడులోనే అగరు చెట్లను పెంచే కుటుంబాలు ఉన్నాయి. ఆశ్చర్యమేమిటంటే ఆరోగ్యంగా ఉన్న అగరు చెట్టు కట్టెకు వాసన ఉండదు. అది తెల్లగా, తేలికగా ఉంటుంది. పురుగు కాండాన్ని తొలిచి, ఆ గాయంలో బూజు చేరినప్పుడు చెట్టు తన రక్షణ కోసం నల్లని జిగురును ఊరిస్తుంది. ఆ జిగురు పట్టిన నల్లకట్టే ఊదు. మంచి ముక్క నీళ్ళలో వేస్తే మునుగుతుంది. ముక్కలను నీటిలో వారాల తరబడి నానబెట్టి, తరువాత రోజుల తరబడి బట్టీ పెడితే కొద్దిపాటి నూనె వస్తుంది. అడవుల్లో ఏ చెట్టులో ఊదు ఉందో తెలియక ఉన్నవన్నీ నరికినందువల్ల ఈ జాతి అంతరించే ప్రమాదంలో పడింది. 1995 నుంచి దీని అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ ఉంది. పెరటి చెట్లు పెంచే ఆ కుటుంబాలే ఇప్పుడు ఈ పరిమళానికి పెద్ద అండ.

ఇవన్నీ మాకు వివరించి చెప్పింది కన్నౌజ్‌లోని ఒక చిన్న దుకాణపు పెద్దాయన. తెల్లని గడ్డం, మోచేతుల దాకా మడిచిన కుర్తా. మేము అసర్ నమాజు తరువాత ఆయన దగ్గర కూర్చొని, అమ్మీ కోరిక చెప్పాం. మేము తీసుకువెళ్ళిన మొత్తం కూడా చెప్పాం. ఆయన అల్మారాలోంచి మూడు సీసాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"భాయీ సాహెబ్, మీరు తెచ్చిన డబ్బుకు ఏమీ కలపని అస్సాం ఊదు పావు తులం కూడా రాదు. పెండ్లిలో నలుగురికీ పూయాలంటే పావు తులం ఎవరికీ చాలదు" అని మొదలుపెట్టాడు. "మొదటి సీసా చూడండి. దీని మీద ఊద్–గులాబ్ అని రాసి ఉంది. ఇందులో ఊదు లేదు, గులాబీ లేదు. రెండూ కర్మాగారపు సుగంధాలే. వాసన బాగుంటుంది, హానికరం కాదు, చవక. ఆ సంగతి చెప్పే అమ్ముతాను. రెండో దానిలో గులాబీ ఈ ఊరి బట్టీదే. ఆధారం పారఫిన్. ఊదు నూనె చుక్కలే పడ్డాయి. కింద నిలబెట్టడానికి కొంచెం అంబర్, కాస్త కుంకుమపువ్వు ఉన్నాయి. మీ అమ్మీ చెప్పిన తీపి ఇందులో వస్తుంది. మూడోది చందనంలో దించిన గులాబీలో పాత ఊదు. అది మీ నానా కాలపు సరుకు. దాని ధర మీకు చెప్పను, బాధపడతారు."

మేము మూడూ చేతి మీద పూయించుకున్నాం. మూడోదానికీ మిగతా రెండింటికీ తేడా ఒక పిల్లవాడైనా చెప్పగలడు. అది లోపలికి దిగే పరిమళం. రెండోది దానికి తమ్ముడిలా ఉంది. "రెండోదాన్ని అసలు ఊదు అని మీకు అమ్మితే మీరు తెలుసుకోలేరు. మీ ఊరికి వెళ్ళి నాకు దుఆ కూడా చేస్తారు. కానీ లెక్క అడిగేవాడికి సీసాలో ఏముందో తెలుసు" అని ఆయన అన్నాడు.

ఆ మాట విన్నప్పుడు మాకు దివ్యఖుర్ఆన్‌లోని సూరె ముతఫ్ఫిఫీన్ గుర్తుకు వచ్చింది. ఆ సూరా కొలతల్లో, తూకాల్లో మోసం చేసేవారికి హెచ్చరికతో మొదలవుతుంది. అదే సూరాలో కొంత ముందుకు వెళ్ళాక, స్వర్గవాసులకు లభించే పానీయానికి కస్తూరి ముద్ర ఉంటుందన్న శుభవార్త వస్తుంది. చేతిలో త్రాసు పట్టుకొని కస్తూరి అమ్మే మనిషికి ఈ రెండింటి మధ్య దూరం ఎంతో, దగ్గరితనం ఎంతో ఆ సాయంత్రం మాకు అర్థమైంది. తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున దాచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (స) మందలించిన సంఘటన మనకు తెలిసినదే. అత్తరులో తడి ధాన్యాన్ని దాచడం మరీ సులభం. అందులో చేయి పెట్టి చూసే వీలు కొనేవారికి లేదు.

మేము రెండో సీసానే తీసుకున్నాం, రెండు తులాలు. ఆయన ఒక చిన్న కాగితం మీద ఉర్దూలో మూడు ముక్కలు రాసి సీసాకు అంటించాడు: గులాబీ అసలుది, చందనం లేదు, ఊదు కొంచెం. తరువాత అడగకుండానే మూడో సీసా బిరడాను ఒక దూది ఫాయాకు తాకించి, చిన్న డబ్బీలో పెట్టి మా చేతికిచ్చాడు. "ఇది మీ అమ్మీకి. దీనికి డబ్బు తీసుకోను" అన్నాడు.

ఇప్పుడు ఈ అత్తరు ఒంటి మీద ఎలా నడుస్తుందో చెప్పాలి. తిరుగు ప్రయాణంలో, ఇంట్లో, పనిలో మేము దీన్ని రోజూ గమనించాం. పూసిన వెంటనే గులాబీ ముందుకు వస్తుంది. తేనెలో నానిన రేకులా తియ్యగా, కొంత నిమ్మ చురుకుతో. ఊదు అప్పుడు వెనుక ఎక్కడో పశువుల కొట్టం వైపు నుంచి వచ్చే గాలిలా ఒక క్షణం తగులుతుంది. కొత్తవారు అక్కడే ముఖం చిట్లిస్తారు. పావుగంట ఓపిక పడితే అది సర్దుకుంటుంది. గంట తరువాత గులాబీ నెమ్మదిస్తుంది, కట్టె వాసన పైకి వస్తుంది, కుంకుమపువ్వు ఆ రెండింటి చేతులూ కలుపుతుంది. మధ్యాహ్నానికి గులాబీ ఉన్నట్టే తెలియదు. వుజూ చేసినప్పుడు మణికట్టు మీద వాసన తగ్గుతుంది, మెడ దగ్గర నిలిచి ఉంటుంది. ఇషా వేళకు చర్మానికి దగ్గరగా వచ్చినవారికి మాత్రమే తెలిసే వెచ్చని తీపి ఒకటి మిగులుతుంది. గుడ్డ మీద అయితే మరునాటికి కూడా ఉంటుంది.

ఇంటివారికి కొన్ని సూచనలు. బిరడా దగ్గర ముక్కు పెట్టి అత్తరును నిర్ణయించకండి. మణికట్టు లోపలి వైపు ఒక చుక్క రాసి, ఒక గంట తిరిగి రండి. ఒక పూటకు రెండు కంటే ఎక్కువ రకాలు చూడకండి. రెండు మణికట్లనూ గట్టిగా రుద్దకండి, తాకించి వదిలేస్తే చాలు. చెవుల వెనుక, మెడ పక్కన, మగవారైతే గడ్డానికి కొద్దిగా. తెల్లని బట్ట మీద పూస్తే నూనె మరక పడుతుంది. కాలరు లోపలి కుట్టు మీదనో, దూదికి రాసి జేబులోనో పెట్టుకోండి. కొంతసేపటికి మన వాసన మనకు తెలియకుండా పోతుంది, పక్కవారికి తెలుస్తూనే ఉంటుంది. తగ్గిందనుకొని మళ్ళీ మళ్ళీ పూస్తే మస్జిదులో పక్కన నిలబడినవారికి తలనొప్పి వస్తుంది. ఎండాకాలంలో ఖస్, మిట్టీ, ఒట్టి గులాబీ హాయి. ఊదు కలిసినవి చలికాలానికీ, రాత్రి వేడుకలకూ అనువైనవి. పసిపిల్లల ఒంటికి ఏ అత్తరూ వద్దు. పెద్దవారైనా చర్మానికి దురద పుట్టే స్వభావం ఉంటే మోచేతి మడతలో ముందుగా ఒక రోజు పూసి చూసుకోవాలి. సీసాను వెలుతురుకు దూరంగా, బిరడా బిగించి ఉంచితే ఏళ్ళు గడిచేకొద్దీ ఊదు మరింత మెత్తబడుతుంది.

నూనె అత్తరులో స్పిరిట్ కలపరు. అందుకే ఆల్కహాలు గల స్ప్రేల విషయంలో ఉలమాల మధ్య ఉన్న అభిప్రాయభేదం దీనికి వర్తించదు. గులాబీ వాసనకు మూలమైన పదార్థాల్లో ఒకదాని రసాయన నామంలో 'ఆల్కహాల్' అన్న మాట ఉన్నా, అది పువ్వులోనే ఉన్నది, మత్తు కలిగించేది కాదు. ఇహ్రామ్‌లో ఉన్నప్పుడు సుగంధం పూసుకోరాదు. ఇహ్రామ్‌కు ముందు దైవప్రవక్త (స)కు హజ్రత్ ఆయిషా (రజి) స్వయంగా సుగంధం పూసేవారు. స్త్రీలు బయట పరపురుషుల మధ్యకు వెళ్ళేటప్పుడు పరిమళాలకు దూరంగా ఉండమని హదీసులు చెబుతున్నాయి. ఇంట్లో, తమ వారి మధ్య, స్త్రీల సమావేశాల్లో ఆ అడ్డు లేదు. అత్తరు అసలు రుచి తెలిసేది కూడా ఇంటి నాలుగు గోడల మధ్యనే.

నికాహ్ రోజున మా పెద్దన్నయ్య అత్తర్‌దాను పట్టుకొని అతిథుల మధ్య తిరిగారు. ఒకరిద్దరు "అసలు ఊదేనా?" అని అడిగారు. "గులాబీ అసలుది, ఊదు కొంచెం" అని ఆయన సీసా మీద రాసి ఉన్నదే చెప్పారు. వినినవారు నవ్వి చేయి చాపారు. లోపల స్త్రీల వైపు అమ్మీ ఆ దూది ఫాయాను పెండ్లికూతురి చెవి వెనుక ఒకసారి తాకించి, తన ముక్కు దగ్గర పెట్టుకొని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత డబ్బీ మూసి, అమ్మాయి పెట్టెలో బట్టల మడతల మధ్య పెట్టారు. దాని పక్కనే మిగిలిన సీసా, చీటీతో సహా.